రెండేళ్ల ఎనిమిది నెలల బాబుకి ఏ థెరపీ, ఎన్ని గంటలు? గుంటూరు అమ్మకి నా జవాబు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఏడాదిన్నర వయసులో "అత్త", "తాత", "బువ్వ" అనేవాడు, తర్వాత ఒక్కొక్కటే మానేశాడు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, ఫ్యాన్ తిరుగుతుంటే చూస్తూ ఉండిపోతాడు. పిల్లల డాక్టరుగారు ఆటిజం అన్నారు. ఒక సెంటర్లో వారానికి 40 గంటల ఏబీఏ (ప్రవర్తనని చిన్నచిన్న మెట్లుగా, మెచ్చుకోలుతో నేర్పే థెరపీ) లేకపోతే లాభం లేదన్నారు, ఇంకో చోట స్పీచ్, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులకి శరీరాన్నీ ఇంద్రియాల్నీ అలవాటు చేసేది) చాలన్నారు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమన్నారు. మీ అత్తగారేమో "వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకి గానీ మాట్లాడలేదు, ఊరికే కంగారు పడకండి" అంటున్నారు. ఇందులో ఎవరి మాట వినాలి అన్నది మీ ప్రశ్న.

నేను విజయవాడలో పదిహేడేళ్లుగా చిన్నపిల్లలకి స్పీచ్ థెరపీ చేస్తున్నాను. ఇప్పుడు రాసేది ఆ అనుభవంతోనే. ముందే ఒక మాట చెప్పేస్తాను. థెరపీ పేరేంటి, ఎన్ని గంటలు అనేవి తర్వాత సంగతులు. మీ బాబు పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఎన్నిసార్లు తనంతట తాను మీకు ఏదో చెప్పాలని చూస్తున్నాడు? చెయ్యి లాగో, చూపుతోనో, గొంతుతోనో, ఎలాగైనా సరే. అలా చెప్పినప్పుడు ఎదుటివాళ్లు ఎన్నిసార్లు అందుకుంటున్నారు? ఆ లెక్క పెంచేది ఏదైనా మంచి థెరపీయే. పెంచలేకపోతే 40 గంటలు కూర్చోబెట్టినా పిల్లాడు అలిసిపోవడం తప్ప ఏమీ ఉండదు.

అత్తగారి మాట గురించి ముందు చెప్తాను, ఎందుకంటే ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, కానీ ఈ విషయంలో ఆగడం మంచిది కాదు. మాటలు ఆలస్యమయ్యే పిల్లలు ఉంటారు, నిజమే. వాళ్లు మాట రాకపోయినా వేలితో చూపిస్తారు, ఆకాశంలో విమానం కనపడితే మన మొహం కేసి తిరిగి "చూశావా" అన్నట్టు చూస్తారు, "చెప్పులు తీసుకురా" అంటే తెస్తారు. మీ బాబు చూపించడం లేదు, పిలిస్తే పలకడం లేదు, పైగా వచ్చిన మాటలు పోయాయి. వాళ్ల నాన్నగారిది వేరు, ఇది వేరు. అలాగని ఇది మీ పెంపకంలో లోపం కాదు, గారాబం వల్ల వచ్చిందీ కాదు. దయచేసి ఇంట్లో ఆ చర్చ ఇవాళ్టితో ఆపేయండి. ఇంకో పని, వినికిడి పరీక్ష చేయించారా? మీరు రాయలేదు. పిల్లాడు నిద్రపోతుండగా చేసే బెరా పరీక్ష ఉంటుంది. టీవీలో పాట వస్తే పరిగెత్తుకొస్తాడు కాబట్టి చెవులు బాగున్నాయని అనుకోకండి, కొన్ని స్థాయిల శబ్దమే వినపడే పిల్లలు కూడా అలాగే పరిగెత్తుకొస్తారు. అది తేలకుండా నేనైతే స్పీచ్ మొదలుపెట్టను.

ఇక 40 గంటలు. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. 1987లో అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్టు ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లు, అంతకన్నా ఎక్కువ కాలం థెరపీ ఇచ్చిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు స్కూల్లో మామూలు పిల్లల్లా చదివే స్థితికి వచ్చారని అందులో రాశారు. అప్పటి నుంచి ఆ అంకె మంత్రంలా స్థిరపడిపోయింది. కానీ ఆ అధ్యయనంలో ఏ పిల్లవాడు ఏ గుంపులోకి వెళ్లాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చలేదు, పైగా ఆ రోజుల్లో గట్టిగా అరవడం, తొడ మీద దెబ్బ వేయడం కూడా థెరపీలో భాగం. ఈరోజు మంచి ఏబీఏ చేసేవాళ్లెవరూ అలా చేయరు. ఆటలోనే, పిల్లాడికి నచ్చినదాని చుట్టూనే నేర్పించే పద్ధతులు వచ్చాయి. ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ అనేది అలాంటిదే. 2010లో 48 మంది చిన్నపిల్లల మీద రెండేళ్లపాటు జరిగిన అధ్యయనంలో ఆ పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు భాషలోనూ రోజువారీ పనుల్లోనూ మిగతావాళ్లకన్నా ముందుకొచ్చారు. అందులో కూడా తల్లిదండ్రులు ఇంట్లో చేసినదానికి పెద్ద పాత్ర ఉంది.

నా సంగతి కూడా చెప్పాలి. ఈ పనిలోకి వచ్చిన మొదటి రెండేళ్లు ఒక సెంటర్లో చేశాను. అక్కడ పిల్లల గడ్డం పట్టుకుని మొహం మనవైపు తిప్పి "చూడు, నన్ను చూడు" అని పదేసిసార్లు అనిపించేవాళ్లు, చూస్తే చిన్న చాక్లెట్ ముక్క. నేనూ చేశాను. ఒక పాప మూడు నెలలకి చక్కగా చూడటం నేర్చుకుంది, "చూడు" అనగానే కళ్లు పెద్దవి చేసి ఒక్క క్షణం చూసి వెంటనే చెయ్యి చాపేది. ఆ చూపులో నేను లేను, చాక్లెట్ ఉంది. ఇంటికెళ్లాక వాళ్లమ్మని అలా ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పాప చాపిన చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పుడే ఆ పద్ధతి మానేశాను. ఐ కాంటాక్ట్ మనం తెప్పించేది కాదు. మన మొహంలో వాడికి పనికొచ్చేది ఏదైనా ఉంటే అదే వస్తుంది.

అందుకని సెంటర్ చూసేటప్పుడు పేరు చూడకండి, లోపల కూర్చోనిస్తారా అని అడగండి. "తల్లి ఉంటే పిల్లాడు మారాం చేస్తాడు, బయట కూర్చోండి" అని తలుపేసే చోటు నాకు నచ్చదు. మొదటి వారం అలవాటు కోసం అంటే సరే, నెలల తరబడి అయితే వద్దు, అక్కడ ఏం నేర్పుతున్నారో మీకు తెలియకపోతే ఇంట్లో ఏం చేస్తారు? స్పీచ్ థెరపిస్టుకీ, స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, మొహమాటపడకుండా అడగండి. "మూడు నెలల్లో మా బాబులో ఏం మారాలని అనుకుంటున్నారు" అని కూడా అడగండి. "సిట్టింగ్ టాలరెన్స్ వస్తుంది, అటెన్షన్ పెరుగుతుంది" అని ఊరుకుంటే చాలదు. "రోజులో కనీసం ఐదుసార్లు మిమ్మల్ని సాయం అడుగుతాడు" లాంటి జవాబు వస్తే అక్కడ పని జరుగుతోందని అర్థం.

ఇప్పుడు అసలు పని, ఇంట్లోది. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను.

సత్యనారాయణపురంలో ఒక ఇంటికి వెళ్లేదాన్ని, మూడేళ్ల బాబు. ఆ ఇంట్లో నాయనమ్మగారు ఎంత జాగ్రత్త మనిషంటే వాడికి దాహం వేస్తుందని వాడికన్నా ముందు ఆవిడకే తెలిసేది. గ్లాసు నోటి దగ్గరికొచ్చేది, బిస్కట్ చేతిలోకొచ్చేది, చెప్పులు కాళ్లకి తొడిగేసేవారు. ఇక వాడు ఎందుకు అడగాలి? మేం చేసిందల్లా ఒకటే. వాడికి మరమరాలంటే ప్రాణం. వాటిని బయటికి కనపడే ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించి కింద పెట్టాం. వాడు డబ్బాని తిప్పాడు, కొట్టాడు, కాసేపు ఏడ్చాడు. నాయనమ్మగారి చెయ్యి నేను మెల్లగా పట్టుకున్నాను, లేకపోతే ఆవిడ తీసేసేవారు. తర్వాత వాడు డబ్బా ఎత్తుకొచ్చి వాళ్లమ్మ ఒళ్లో పెట్టి, ఆవిడ చెయ్యి తీసుకుని మూత మీద పెట్టాడు. అంతే, అది వాడి మాట. వాళ్లమ్మ వెంటనే "తియ్యి" అని ఒక్క ముక్క అని, మూత తీసి, గుప్పెడు కాదు, ఓ నాలుగు గింజలు పెట్టి మళ్లీ మూత బిగించింది. పది నిమిషాల్లో పదకొండుసార్లు తెచ్చాడు. ఐదోసారి నుంచి మూత మీద చెయ్యి పెట్టి ఆవిడ మొహంలోకి చూడటం మొదలుపెట్టాడు. గడ్డం ఎవరూ పట్టుకోలేదు.

ఇందులో కష్టమైన పని ఆగడం. పిల్లాడు ఏదో చెయ్యబోతున్నప్పుడు మనసులో పది లెక్కపెట్టుకుని నోరు మూసుకుని వాడి మొహం కేసి ఆశగా చూడటం. మన ఇళ్లలో ఇది ఎవరికీ చేతకాదు, "ఏం కావాలి నాన్నా, పాలా, బిస్కటా, బయటికెళ్దామా, చెప్పు, చెప్పమ్మా" అని ఊపిరాడనివ్వం. అలాగే "ఇదేంటి? ఇదేంటి?" అనే ప్రశ్నలు. ఫ్లాష్ కార్డుల్లో అరవై జంతువుల పేర్లు చెప్పే పిల్లల్ని తీసుకొస్తారు, జిరాఫీ అంటారు, ఖడ్గమృగం అంటారు, కానీ దాహం వేస్తే నేల మీద పడి ఏడుస్తారు. నీళ్లు అడగడం రావాలి ముందు. జిరాఫీ తర్వాత చూసుకోవచ్చు.

తెలుగులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, మన ఇళ్లలో రోజూ చూస్తాను. మనం రోజుకి వందసార్లు "పాలు కావాలా?" అంటాం. మాటలు వస్తున్న ఆటిజం పిల్లలు విన్నది విన్నట్టే పట్టేస్తారు కాబట్టి, పాలు కావలసినప్పుడు వాళ్లు కూడా "పాలు కావాలా?" అంటారు, మన రాగంతో సహా. పెద్దవాళ్లు "నన్నెందుకు అడుగుతున్నావు, నాకొద్దు" అని నవ్వేస్తారు, పిల్లాడు అడిగింది మాత్రం దొరకదు. అది ఊరికే వల్లించడం కాదు, అడగడమే, పాలు ఇచ్చెయ్యాలి. కానీ ముందునుంచే జాగ్రత్త పడొచ్చు. ప్రశ్న అడగకుండా వాడు అనవలసిన మాటే వాడి బదులు మనం అనాలి. వాడు ఫ్రిజ్ దగ్గర నిలబడితే "పాలు ఇవ్వు" అని వాడి తరఫున అని ఇవ్వండి. మీ బాబుకి ఇప్పుడు ఒక్క మాట చాలు. "ఇవ్వు", "ఇంకా", "తియ్యి", "ఎత్తుకో", "చాలు". పెద్ద వాక్యాలు వద్దు, మాట చెప్పిన క్షణంలోనే ఆ పని జరగాలి.

బొమ్మల కార్డుల గురించి మీరు అడగలేదు గానీ రేపు ఎవరో ఒకరు చెప్తారు, అప్పుడు భయపడకుండా ఉంటారని ఇప్పుడే రాస్తున్నాను. కావలసిన వస్తువు బొమ్మ ఎదుటివాళ్ల చేతిలో పెట్టి అడగడం నేర్పే పద్ధతి 1985 నుంచి ఉంది, పెక్స్ అంటారు. "బొమ్మ ఇస్తే దొరుకుతుంటే ఇక మాటలెందుకు నేర్చుకుంటాడు" అని ప్రతి తండ్రీ నన్ను అడిగాడు. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ వెతికి, అందులో నమ్మదగ్గ 27 మంది వివరాలు తీసి చూసిన ఒక సమీక్ష 2006లో వచ్చింది. కార్డులూ సైగలూ వాడినందువల్ల ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, ఎక్కువమందికి కొంచెమో గొప్పో పెరిగింది. నేను చూసిందీ అదే. ఒక్కటి గుర్తుంచుకోండి, బొమ్మలు నెట్‌లోంచి తీసినవి వద్దు. మీ ఇంటి స్టీలు గ్లాసు, వాడి నీలం చెప్పులు, మీ మేడ మెట్లు, వీటి ఫొటోలు తీసి ప్రింటు వేయించండి. ఏ ఇంట్లోదో గాజు గ్లాసు బొమ్మ చూపిస్తే వాడికి అది నీళ్లని తెలియదు.

ఆ కార్డుల్లో "చాలు" అనేది మొదటి వారంలోనే ఉండాలి. అందరూ అడగడమే నేర్పుతారు, వద్దనడం ఎవరూ నేర్పరు. గుణదలలో ఒక బాబు నోటివెంట వచ్చిన మొదటి మాట అదే, "చాయు" అన్నాడు, పప్పన్నం ఇంకో నాలుగు ముద్దలు మిగిలుండగా. అమ్మమ్మగారికి బాధ, పిల్లాడు సరిగ్గా తినలేదని. గిన్నె తీసేయమన్నాను, ఆ పూటకి ఆకలితో ఉన్నా ఫరవాలేదు, వాడి మాట పనిచేసిందని వాడికి తెలియాలి. ఆ మాట రాకముందు వాడు కంచం తన్నేవాడు, ఆ తర్వాత తన్నడం ఆగిపోయింది.

మీరు రాసిన తల కొట్టుకోవడం గురించి కూడా దారి అదే. ముందు మొండితనం అన్న మాట పక్కన పెట్టండి. ఒక నోటు పుస్తకం తీసుకుని రెండు వారాలు రాయండి, ఎన్నింటికి జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు. ఏబీఏలో నాకు బాగా ఉపయోగపడేది ఇదే. ఒక తల్లి "ఏ కారణం లేకుండా సాయంత్రాలు తల కొట్టుకుంటాడు" అన్నారు. రాయించాక చూస్తే రాసిన ప్రతిసారీ కరెంటు పోయి ఇన్వర్టర్ కీచుమన్న నిమిషంలోనే. మనకి వినీ విననట్టుండే ఆ శబ్దం వాడికి భరించలేనిది. ఇన్వర్టర్‌ని వెనక వసారాలోకి మార్చారు, మిక్సీ వేసేముందు ఆ స్విచ్ చూపించి చెప్పడం మొదలుపెట్టారు. అన్నీ ఇంత తేలిగ్గా దొరకవు, కొన్నిసార్లు పంటి నొప్పి, మలబద్ధకం ఉంటుంది, అది కూడా డాక్టరుగారికి చూపించాలి. తల కొట్టుకున్న వెంటనే ఫోన్ ఇచ్చి ఊరుకోబెట్టడం మాత్రం వద్దు, ఫోన్ కావాలంటే తల కొట్టుకోవాలని మనమే నేర్పినట్టవుతుంది. ఫోన్ వల్ల ఆటిజం రాదు, కానీ ఈ వయసులో ఫోన్‌తో గడిచే గంట మీతో గడవదు కదా, అందుకే తగ్గించాలి.

మరి ఎన్ని గంటలు? గోవాలోనూ, పాకిస్తాన్‌లో రావల్పిండిలోనూ కలిపి 65 మంది పిల్లలతో జరిగిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. అక్కడ థెరపిస్టులు కూడా కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, వాళ్లు పిల్లాడితో ఆడుకుంటున్న వీడియో వాళ్లకే చూపించి, "ఇదిగో ఇక్కడ బాబు మీకేసి చూశాడు, మీరు గమనించలేదు" అని చెప్పారు. ఆరు నెలల్లో పన్నెండు సిట్టింగులు, అంతే. పిల్లలు తమంతట తాము తల్లిదండ్రులతో మాట కలపడం పెరిగింది. మన లాంటి ఇళ్లలో, మన లాంటి తల్లులతో జరిగింది కాబట్టి నాకు దీని మీద నమ్మకం ఎక్కువ.

మీ బాబుకైతే నేను వారానికి మూడు రోజులు స్పీచ్, మీరు పక్కనే ఉండగా, అని రాస్తాను. కుదురుగా నిలవలేకపోవడం, శబ్దాలకి చెవులు మూసుకోవడం ఉంది కాబట్టి రెండు రోజులు ఓటీ. వీలైతే పొద్దున రెండు గంటలు అంగన్‌వాడీకో, పిల్లలు తక్కువుండే ప్లే స్కూల్‌కో. మిగతాదంతా స్నానం, తిండి, ఉయ్యాల, మేడ మీద బట్టలు ఆరేయడం, ఇందులోనే. మూడు నెలల తర్వాత చూసి మారుద్దాం, అవసరమైతే గంటలు పెంచొచ్చు. థెరపీ కోసం రోజూ విజయవాడ రావాలనుకుంటున్నారు, వద్దు. రానూపోనూ రెండున్నర గంటలు బస్సులో కూర్చుని మంగళగిరి దాటేసరికి నిద్రపోయే పిల్లాడు సెంటర్లో ఏం నేర్చుకుంటాడు? గుంటూరులోనే చూసుకోండి.

తెలుగు మానేయమన్న సలహా మాత్రం వెంటనే పక్కన పెట్టేయండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకి మాట ఆలస్యమవుతుందని ఏ అధ్యయనమూ తేల్చలేదు. పైగా నాయనమ్మకి ఇంగ్లీషు రాదు, ఇంట్లో వాడితో ఎక్కువసేపు ఉండేది ఆవిడే. మీరు ఇంగ్లీషులో పొడిపొడిగా "కమ్, సిట్, ఈట్" అంటే వాడికి దొరికేది ఆజ్ఞలే, కబుర్లు దొరకవు.

డబ్బుల విషయం. నెలకి నలభై వేలు అడిగారని రాశారు, దాని కోసం బంగారం తాకట్టు పెట్టకండి. ప్రభుత్వం వైపు డీఈఐసీలు (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు) ఉన్నాయి, పిల్లల ఎదుగుదల సమస్యల కోసమే పెట్టినవి, ఉచితం. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) పిల్లల విభాగంలో అడిగితే దారి చెప్తారు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ (NIEPID) ఉంది, ఒకసారి వెళ్లి పూర్తి పరీక్ష చేయించుకుని ఇంటి కార్యక్రమం రాయించుకుని రావచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది కాబట్టి వైకల్య సర్టిఫికెట్‌కీ, యూడీఐడీ కార్డుకీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు పెట్టండి. దానికి ఆటిజం ఎంత ఉందో కొలిచే ఇసా (ISAA) అని 40 అంశాల పరీక్ష చేస్తారు. సర్టిఫికెట్ వస్తే ముద్ర పడిపోతుందని మీ వారు భయపడుతున్నారన్నారు, ఆ కాగితం మీరు చూపించిన చోటే కనపడుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులో కొంత అందులోంచి వస్తుంది.

స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల గురించి ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది ఆమోదించిన వైద్యం కాదు. నాలుక మీద వస రాయడం కూడా ఆపండి, అత్తగారు బాధపడితే నా పేరు చెప్పండి.

"మాట్లాడతాడా?" అని చివర్లో అడిగారు. మాట ఇవ్వలేనమ్మా, ఎవరైనా ఇస్తే నమ్మకండి. కానీ నాలుగేళ్లొచ్చినా రెండు మాటలు కలిపి చెప్పలేని 535 మంది ఆటిజం పిల్లల వివరాలు అమెరికాలో 2013లో ప్రచురించారు. వాళ్లలో నూటికి డెబ్భై మంది ఆ తర్వాత రెండు మూడు మాటలు కలిపి చెప్పగలిగారు, సగానికి కాస్త తక్కువమంది ధారాళంగా మాట్లాడారు. మీ వాడికి ఇంకా మూడేళ్లు కూడా నిండలేదు.

రేపు పొద్దున ఇడ్లీ పెట్టేటప్పుడు కంచం నిండా పెట్టకండి. ఒక్క చిన్న ముక్క పెట్టి, మిగతాది వాడికి కనపడేలా మీ చేతిలో ఉంచుకుని ఆగండి, పది లెక్కపెట్టండి. చెయ్యి లాగాడా, కంచం నెట్టాడా, గొంతులోంచి ఏదైనా శబ్దం చేశాడా, ఒక్క క్షణమైనా మీ కళ్లలోకి చూశాడా? ఏం చేసినా "ఇంకా" అని ఇంకో ముక్క పెట్టండి. మీ వారిని పక్కన నిలబడి మూడు నిమిషాలు వీడియో తీయమనండి. మీరు ఆ వీడియో రెండుసార్లు చూసి, వాడు ఎన్నిసార్లు ఏం చేశాడో ఉన్నదున్నట్టు రాయండి. అది చూశాక తర్వాత ఏం చేయాలో చెప్తాను.